కొసరు లెక్క: బందరు బ్యాంకు కార్డు నుంచి రైలు పాయింట్ల దాకా



మన గుంపులో ఈమధ్య రోజూ ఒకటే మాట. ఫలానా కార్డుతో పాయింట్లు పోగేసి ఎవరో సింగపూరు పోయి వచ్చినారట, మనకెందుకు రావు అని. ఐటీ పిల్లలు ఒక రకంగా చెబుతున్నారు, కార్డు అమ్మడానికి ఫోను చేసేవాళ్ళు ఇంకో రకంగా చెబుతున్నారు. రైల్వేలో టికెట్లు, పాసులు, రాయితీ ఫారాల మధ్యనే ఉద్యోగమంతా గడిపిన గుమాస్తాలం కాబట్టి మమ్మల్ని కూడా అడిగినారు. ఏ కార్డు మంచిదో ఒక్క మాటలో చెప్పలేం. ఈ పాయింట్లు ఎక్కడినుంచి వచ్చినాయో తెలిస్తే వాటిని ఎట్లా వాడాలో సగం తెలిసిపోతుంది. అందుకే ఈసారి చరిత్ర రాస్తున్నాం. కొంచెం పొడుగే, కాఫీ పక్కన పెట్టుకోండి.

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడే భాష, తమిళం బడి భాష. రెండింట్లోనూ ఉన్న మాటల్లో ఒకటి కొసరు. తమిళనాడు కూరగాయల అంగడిలో 'కొసురు' అని అడిగితే గుప్పెడు కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు సంచిలో పడతాయి. మన తెలుగువాళ్ళు కొసరు అన్నా అంతే. తూకానికి డబ్బు ఇచ్చినాక, దుకాణదారు తన చేత్తో, తన ఇష్టంతో వేసేది. అది ఎంత అని ఏ పట్టీలోనూ రాసి ఉండదు. ఇవాళ గుప్పెడు వేసినవాడు రేపు రెండు రెబ్బలే వేస్తే అడిగే హక్కు మనకు లేదు. అయినా సంచిలో పడిన కరివేపాకును మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేరు. పాయింట్ల కథలో ఈ రెండు సంగతులూ మళ్ళీ మళ్ళీ వస్తాయి.

కొసరును కాగితం మీద పెట్టి, పోగుచేసుకోమని చెప్పింది అమెరికావాళ్ళు. 1896లో స్పెర్రీ అండ్ హచిన్‌సన్ అనే కంపెనీ పచ్చరంగు స్టాంపులు అచ్చువేసి అంగళ్ళకు అమ్మింది. సరుకు కొన్నవాళ్ళకు అంగడివాళ్ళు ఆ స్టాంపులు ఇస్తారు. పుస్తకం నిండా అంటించి ఇస్తే కంపెనీ ఏదైనా వస్తువు ఇస్తుంది. అప్పటినుంచి కొసరు సంచిలో పడడం మానేసింది. వాళ్ళ పుస్తకంలో బాకీగా ఉండడం మొదలైంది.

ఇక కార్డుల సంగతి. 1950లో న్యూయార్కులో డైనర్స్ క్లబ్ పుట్టింది, 1961లో మన దేశానికి వచ్చింది. అది పెద్ద హోటళ్ళకు పోయే కొద్దిమందికే. మన బ్యాంకుల్లో మొదట కార్డు ఇచ్చింది సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, 1980లో. ఆ మరుసటి ఏడే, 1981లో, ఆంధ్రా బ్యాంకు తన క్రెడిట్ కార్డు తెచ్చింది. ఈ సంగతి మన పిల్లలకు చెబితే నమ్మరు. క్రెడిట్ కార్డు అంటే బొంబాయి ప్రైవేటు బ్యాంకులో, విదేశీ బ్యాంకులో తెచ్చినాయని వాళ్ళ లెక్క. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923 నవంబరులో మచిలీపట్నంలో, అంటే మన బందరులో, లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో మొదలుపెట్టిన బ్యాంకు అది. 1980 ఏప్రిల్ 15న జాతీయం అయింది. ఏడాది తిరిగేసరికి, ఇంకా పెద్ద బ్యాంకులు చాలా చూస్తూ కూర్చున్న కాలంలో, కార్డు చేతికి ఇచ్చింది.

అప్పటి కార్డు ఎట్లా పనిచేసేదో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పిన్ను లేదు, ఓటీపీ లేదు. కార్డు మీద అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి. అంగడివాడు దాన్ని ఒక చిన్న యంత్రంలో పెట్టి, పైన కార్బన్ కాగితాల స్లిప్పు వేసి, పిడిని అటూ ఇటూ లాగుతాడు. అంకెలు కాగితం మీద పడతాయి, మనం సంతకం పెడతాం. పోయిన కార్డుల నంబర్ల పట్టీ ఒకటి అతని దగ్గర ఉంటుంది, అనుమానం వస్తే అందులో వెతుక్కుంటాడు. జీతం రాకముందే కొనుక్కుని జీతం వచ్చినాక కట్టడం, అదే ఆ రోజుల్లో పెద్ద వసతి. అంగట్లో పద్దు రాయించుకోవడానికి బదులు బ్యాంకులో రాయించుకున్నట్టు.

అదే 1981లో, మే 1న, అమెరికన్ ఎయిర్‌లైన్స్ అనే విమాన కంపెనీ అడ్వాంటేజ్ అనే పథకం పెట్టింది. తమ రిజర్వేషన్ కంప్యూటర్లలో ఎవరి పేర్లు పదేపదే వస్తున్నాయో చూసి, వాళ్ళు పక్క కంపెనీకి పోకుండా మైళ్ళు లెక్కగట్టి ఉచిత టికెట్లు ఇచ్చింది. 1987లో ఒక పెద్ద బ్యాంకుతో కలిసి కార్డు తెచ్చింది: విమానం ఎక్కకపోయినా, కార్డుతో కిరాణా కొన్నా మైళ్ళే. కార్డు, కొసరు ఒకచోట కలిసింది అక్కడే. తర్వాత ఈ వ్యాపారం ఎంత పెరిగిందంటే, 2020లో కరోనాతో విమానాలు నిలిచిపోయినప్పుడు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన పాయింట్ల పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. కొసరు అంగడి అసలు అంగడిని నిలబెట్టింది.

మన రైల్వేలో ఇంకో రకం నడిచింది. మా ఉద్యోగులకు పాసులు, పీటీఓలు. పీటీఓ అంటే మూడో వంతు ఛార్జీతో ప్రయాణం. అది 1986 పాస్ రూల్సులో అచ్చయి ఉంది, సెక్షన్ ఆఫీసులో అడిగి తీసుకుంటాం. మిగతా జనానికి రాయితీలు ఉండేవి. అందులో పెద్దది వృద్ధులది: 60 దాటిన మగవాళ్ళకు 40 శాతం, 58 దాటిన ఆడవాళ్ళకు 50 శాతం. తమిళంలో రాయితీని 'సలుగై' అంటారు, హక్కును 'ఉరిమై' అంటారు. ముప్ఫై ఏళ్ళు కౌంటరు ముందు వయసు కార్డు చూపించి టికెట్ తీసుకున్నవాళ్ళకు ఆ తేడా తోచదు. అది ఉరిమై అనే అనుకున్నారు. 2020 మార్చి 20 నుంచి ఆ రాయితీ ఆగింది. రైళ్ళు మళ్ళీ నడిచినాయి, అది మాత్రం తిరిగి రాలేదు. ఆగిన పన్నెండు రోజులకు, ఏప్రిల్ 1న, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. బందరు పేరుతో కార్డు తెచ్చిన బ్యాంకు బోర్డు కూడా మారిపోయింది.

ఇప్పుడు రైలు పాయింట్లకు వద్దాం. ఐఆర్‌సీటీసీ సైటు 2002 ఆగస్టులో మొదలైంది. మొదట్లో ఇంట్లో కూర్చుని బుక్ చేస్తే కాగితం టికెట్ కొరియరులో వచ్చేది. ఈ-టికెట్ 2005లో వచ్చింది. తర్వాత ఎస్‌బీఐ కార్డుతో కలిసి రైలు కార్డు తెచ్చినారు. అందులో ముఖ్యమైన సంగతి: ఆ సైటులో ఏసీ తరగతుల టికెట్లకు దాదాపు 10 శాతం దాకా పాయింట్లుగా వస్తుంది, ఒక పాయింటు టికెట్‌కు ఒక రూపాయి. స్లీపరుకు ఆ లెక్క లేదు. కిరాణా, కరెంటు బిల్లులకు వచ్చేది చాలా తక్కువ, 125 రూపాయలకు ఒక పాయింటు.

గుమాస్తాల అలవాటు, పెన్సిలుతో లెక్క వేసి చూసినాం. భార్యాభర్తలిద్దరు, మనిషికి 1,500 ఛార్జీ అనుకోండి, మొత్తం 3,000. పాత రాయితీ ఉంటే ఆయనకు 600, ఆమెకు 750, కలిపి 1,350 తగ్గేది. ఇప్పుడు కార్డుతో వచ్చేది మహా అయితే 300 పాయింట్లు. పోయినదాంట్లో నాలుగో వంతు కూడా కాదు. అందులోంచి కార్డు ఏడాది రుసుము, కన్వీనియన్స్ ఫీజు తీసేయాలి. ఏడాదికి ఒక్కసారి ఊరికి పోయి వచ్చేవాళ్ళకు ఆ రుసుముకే సరిపోతుంది. సంక్రాంతికి, ఉగాదికి, మధ్యలో ఒక పెళ్ళికి అని మూడు నాలుగుసార్లు ఏసీలో పోయేవాళ్ళకు మాత్రం నిజంగా మిగులుతుంది. ఈ కొసరు ఆ రాయితీకి బదులు అని ఎవరైనా చెబితే నమ్మకండి. రాయితీ స్లీపరులో పోయే ముసలివాళ్ళకు కూడా అందేది. ఇది ఏసీలో పోగలిగి, ఫోనులో బుక్ చేయగలిగి, కార్డు దొరికినవాళ్ళకే.

(ఒక పాత కొసరు మాత్రం ఇంకా బతికే ఉంది, చాలామందికి తెలియదు. రైలు ఛార్జీ దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు తగ్గుతుంది. నాలుగైదు క్షేత్రాలు తిరిగి బయలుదేరినచోటికే వచ్చేటట్టయితే సర్క్యులర్ జర్నీ టికెట్ అడగండి, ఎనిమిది చోట్ల దిగవచ్చు. విడివిడి టికెట్ల కంటే బాగా తక్కువ పడుతుంది. కార్డూ అక్కరలేదు, పాయింటూ అక్కరలేదు. కౌంటరులో ఓపిక కావాలి.)

విమానాల సంగతి మన మారతహళ్ళివాళ్ళకు కొత్తగా చెప్పాలా? విమానాశ్రయం మన పక్కనే, హెచ్‌ఏఎల్‌లోనే ఉండేది. 2003 ఆగస్టులో కెప్టెన్ గోపీనాథ్‌గారి ఎయిర్ దక్కన్ ఇక్కడినుంచే హుబ్బళ్ళికి మొదటి విమానం నడిపింది. ఆటోలో పోయి విమానం ఎక్కిన రోజులవి. 2008 మే 24న అంతా దేవనహళ్ళికి పోయింది. అందువల్ల 'ఉచిత' విమానం టికెట్ లెక్కలో దేవనహళ్ళి దాకా క్యాబు ఛార్జీ, అక్కడ గన్నవరంలో దిగినాక మళ్ళీ క్యాబు ఛార్జీ కూడా వేసుకోవాలి. పాయింట్లతో తీసుకున్నా పన్నులు, ఫీజులు చాలాసార్లు చేతినుంచే కట్టాలి. మనకు కృష్ణరాజపురం స్టేషను దగ్గర. రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లారి ఊరు దగ్గరికి వస్తుంది. మేము రైలు పక్షమే అని మీకు తెలుసు, అయినా లెక్క మీరే వేసుకోండి.

విమాన పాయింట్లలో మన దేశం మూడు రకాల ముగింపులు చూసింది. బెంగళూరు కంపెనీయే అయిన కింగ్‌ఫిషరు 2012 అక్టోబరులో ఆగిపోయింది, కింగ్ క్లబ్ మైళ్ళు దానితోనే పోయినాయి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది, కానీ దాని పాయింట్ల పథకం వేరే కంపెనీగా ఉండడంవల్ల బతికి, ఆ ఏడే ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుంది. విమానం పోయింది, మైళ్ళు మిగిలినాయి, ఇంతకంటే వింత ఏముంది! విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసింది, పాయింట్లు కూడా అక్కడికి బదిలీ అయినాయి. మూడింట్లోనూ ప్రయాణికులను అడిగి చేసినవాళ్ళు లేరు.

బ్యాంకు పాయింట్లు కూడా అంతే. 2023 సెప్టెంబరు నుంచి యాక్సిస్ బ్యాంకు మాగ్నస్ కార్డులో నెలకు లక్ష ఖర్చు చేస్తే ఇచ్చే 25,000 పాయింట్ల బహుమానం తీసేసినారు. దాన్ని నమ్ముకుని ఖర్చుల పట్టీ వేసుకున్నవాళ్ళు అప్పుడు గగ్గోలు పెట్టినారు. కొలపాత్ర వాళ్ళ చేతిలో ఉంది మరి.

ఇక పాయింటు విలువ. ఒకే పాయింటుకు మూడు నాలుగు ధరలు ఉంటాయి, ఇది చాలామంది చూసుకోరు. ఉదాహరణకు హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫీనియా కార్డులో విమానానికి, హోటలుకు వాడితే పాయింటుకు రూపాయి, వస్తువులు కొంటే 50 పైసలు, బిల్లులో తగ్గించుకుంటే 30 పైసలు. అంటే 10,000 పాయింట్లు ఉన్నవాళ్ళు మిక్సీ తీసుకుంటే ఐదు వేలది, బిల్లులో వేసుకుంటే మూడు వేలు, టికెట్ తీసుకుంటే పది వేలది. మీ కార్డు ఏదైనా సరే, ఈ పట్టీ ముందు చూడండి. మిక్సీ కావాలంటే చిక్కపేటలో బేరమాడి కొనుక్కోవచ్చు. ఇంకొకటి: బ్యాంకు నుంచి విమాన కంపెనీకి మార్చిన పాయింట్లు మామూలుగా వెనక్కి రావు. అందువల్ల తేదీ, సీటు కళ్ళతో చూసినాకే మార్చండి. 'తర్వాత పనికొస్తాయి' అని ముందే మార్చి పెట్టుకుంటే, కింగ్ క్లబ్ లాంటి రోజు వస్తే చేయగలిగేది ఏమీ ఉండదు. పోగుచేసి పిల్లల పెళ్ళి దాకా దాచుకోవడానికి ఇవి బంగారం కావు. ఏడాదికొకసారి టికెట్టుగా మార్చేయండి.

వడ్డీ మాట పిల్లలకు చెప్పాలి. కార్డు బాకీ మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ, పైన జీఎస్టీ. 10,000 ఒక్క నెల నిలబెడితే 350 పైన. పైన లెక్కలో ఇద్దరి ప్రయాణానికి వచ్చిన 300 పాయింట్లు దానికే చాలవు. అసలు కన్నా వడ్డీ ముద్దు అన్న సామెత అప్పు ఇచ్చినవాడిది, తీసుకున్నవాడిది కాదు. పెన్షను మీద బతికే పెద్దలైతే బిల్లు మొత్తం గడువు తేదీకి బ్యాంకు ఖాతానుంచి తనంతట తానే కట్టేటట్టు పెట్టించుకోండి. అది ఇష్టం లేకపోతే కార్డే వద్దు, యూపీఐతో బుక్ చేస్తే కన్వీనియన్స్ ఫీజు ఏసీకి 30 బదులు 20, స్లీపరుకు 15 బదులు 10, జీఎస్టీ వేరే.

ఆఖరుగా పండగ సంగతి. 2024 నవంబరు నుంచి రిజర్వేషను 120 రోజుల ముందు కాదు, 60 రోజుల ముందే. జనవరి 12న బయలుదేరేవాళ్ళకు నవంబరు 13 పొద్దున 8 గంటలకు తెరుచుకుంటుంది. శేషాద్రి, ప్రశాంతి రెండూ ఆ రోజుల్లో నిమిషాల్లో నిండిపోతాయి. పాయింట్లు ఎన్ని ఉన్నాయో, వాటితో టికెట్ తీసుకునే పేజీ ఎక్కడుందో ముందు రోజు రాత్రే చూసి పెట్టుకోండి. ఫోనులో చేయలేని పెద్దలు ఉంటే ముందుగా చెప్పండి. 13న పొద్దున ఏడున్నరకు మేము, ఇద్దరు ముగ్గురు పిల్లలు సంఘం గదిలో కూర్చుంటాం. ఆధార్ కార్డు, కళ్ళద్దాలు తెచ్చుకోండి.