ఫైల్ మేనేజర్ నావిగేషన్ (లినక్స్)

లినక్స్ డెస్క్‌టాప్‌లో ఫోల్డర్ల మధ్య తిరిగే తీరును వాడుకరి తన అలవాటుకు తగ్గట్టు మార్చుకోవడం. విండోస్ వదిలి వచ్చిన విద్యార్థిని మొదట తికమక పెట్టేది సీ, డీ డ్రైవులు కనిపించకపోవడం. ఇక్కడ అన్నీ ఒకే మూలం కిందికి వస్తాయి. పెన్‌డ్రైవ్ సైతం అందులో ఒక ఫోల్డరే.

గ్నోమ్ డెస్క్‌టాప్ ఫైల్ మేనేజర్ అయిన ఫైల్స్‌లో (పాత పేరు నాటిలస్) కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే ఫోల్డర్ చిరునామా టైపు చేయవచ్చు. ఆల్ట్‌తో పైబాణం నొక్కితే ఒక మెట్టు పైకి వెళ్తాం. థీసిస్ ఫోల్డర్‌ను కంట్రోల్, డీతో పక్కపట్టీలో పెట్టుకోవచ్చు. అంతకుమించి మార్చుకోవడానికి గ్నోమ్ పెద్దగా చోటివ్వదు. ఆ విషయంలో మరో డెస్క్‌టాప్ కేడీఈ వారి ఫైల్ మేనేజర్ డాల్ఫిన్ ఉదారం: ఎఫ్3 నొక్కితే కిటికీ రెండు భాగాలవుతుంది, షార్ట్‌కట్‌లనూ మార్చుకోవచ్చు. నాటిలస్ నుంచి లినక్స్ మింట్ బృందం 2012లో వేరు చేసిన నీమోది మధ్యేమార్గం.