అకౌంట్ సింక్ (స్మార్ట్‌ఫోన్)

ఫోన్‌లోని కాంటాక్టులు, క్యాలెండర్, మెయిల్ వంటివాటిని సర్వర్‌లోని ప్రతితో ఎప్పటికప్పుడు సరిచూసి, రెండూ ఒకేలా ఉండేట్టు చేసే ఏర్పాటు అకౌంట్ సింక్.

మొదట్లో దీనికి ఇంటర్నెట్‌తో పనిలేదు. 1996లో అమెరికాలో పామ్ పైలట్ అనే అరచేతి పరికరం వచ్చింది. కంప్యూటర్‌కు తగిలించిన స్టాండులో దాన్ని నిలబెట్టి, స్టాండు మీది బటన్ నొక్కితే ‘హాట్‌సింక్’ మొదలయ్యేది. గత సింక్ తర్వాత మారిన ఎంట్రీలకు పరికరం గుర్తు పెట్టుకునేది, కాబట్టి మామూలుగా అవే కదిలేవి. ఒకే చిరునామాను రెండుచోట్లా రెండు రకాలుగా మారిస్తే, ఏది సరైనదో తానే తేల్చకుండా రెండూ ఉంచేది. డూప్లికేట్లు పేరుకున్నా వివరం పోదు, మంచి నిర్ణయమే.

2000లో నోకియా, ఎరిక్సన్, మోటరోలా, ఐబీఎం వంటి కంపెనీలు కలిసి సింక్‌ఎంఎల్ అనే ఉమ్మడి ప్రమాణానికి పూనుకున్నాయి. అసలు మలుపు 2008లో వచ్చింది. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ జీ1 గూగుల్ అకౌంటుతోనే మొదలయ్యేది. దాంతో సమాచారపు అసలు ప్రతి, ఇంట్లోని కంప్యూటర్‌ను వదిలి, సర్వర్‌కు చేరింది. మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ 2.0 ఒకే ఫోన్‌లో పలు అకౌంట్ల సింక్‌కు వీలిచ్చింది. ఆపిల్ ఐక్లౌడ్ 2011 అక్టోబరులో వచ్చింది.

లోపల జరిగేది ఇదీ. సింక్ ముగిసినప్పుడల్లా సర్వర్ ఫోన్‌కు ఒక టోకెన్ ఇస్తుంది. తర్వాతిసారి ఫోన్ ఆ టోకెన్ చూపించి, అప్పటినుంచి ఏం మారిందని అడుగుతుంది. వెయ్యి పేర్లున్నా మారిన ఒక్క నంబరే వస్తుంది, దాంతోపాటు కొత్త టోకెన్. పాత టోకెన్ చెల్లకపోతే మొత్తం మొదటినుంచి దించుకోవాలి. కొత్త మెయిల్ వచ్చినప్పుడు సర్వరే చిన్న సందేశంతో ఫోన్‌ను తట్టిలేపుతుంది, ఫోన్ వెళ్లి తెచ్చుకుంటుంది. దీన్నే పుష్ అంటారు. లాగిన్‌కూ పాస్‌వర్డ్ ప్రతిసారీ పంపరు. ఒకసారి పొందిన అనుమతి టోకెన్ సరిపోతుంది. పాస్‌వర్డ్ మార్చాక అది రద్దయితే సింక్ ఆగిపోయి, మళ్లీ సైన్ ఇన్ చేయమని అడుగుతుంది.

సింక్‌ను బ్యాకప్ అనుకోకూడదు. ఫోన్‌లో పేరు చెరిపితే సర్వర్‌లోనూ చెరుగుతుంది. గూగుల్ కాంటాక్ట్స్‌లో అయితే చెరిపినవి 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి. సిమ్‌లో దాచిన నంబర్లు అకౌంటులోకి వాటంతటవే చేరవు. ఫోన్ మార్చేముందు వాటిని ఇంపోర్ట్ చేసుకోవాలి.