తెగని వలయము



పెద్దల పాటను పడుచువారు చెవిని బెట్టరని ఏ దేశమునందైనను వినబడు మాటయే. అట్లు కాదని చూపిన యొక పాటల కూర్పును గూర్చి నేడు మీకు విన్నవింతును. అది అమెరికాలో 1972లో మూడు గ్రామఫోను రికార్డులుగా వెలువడినది. పేరు ‘విల్ ది సర్కిల్ బి అన్‌బ్రోకెన్’. వలయము తెగక నిలుచునా యని దాని భావము.

అచ్చటి పల్లెపాటలకు కంట్రీ సంగీతమని పేరు. 1927 ఆగస్టులో, టెనెస్సీ వర్జీనియాల సరిహద్దున నున్న బ్రిస్టల్ పట్టణమున, రాల్ఫ్ పీర్ అనునతడు కొండపల్లెల గాయకుల పాటలను యంత్రమున కెక్కించెను. 18 ఏండ్ల మేబెల్ కార్టరు తన బావగారితోను, తోడికోడలితోను అచ్చటికి వచ్చి గిటారు వాయించెను. బొటనవ్రేలితో మంద్రపు తీగెలపై పాట వరుసను పలికించుచు, చూపుడువ్రేలితో తక్కిన తీగెలను మీటి లయ నిలుపుట ఆమె పద్ధతి. ఒక్క వాద్యమే రెండు వాద్యముల పని చేసెను.

44 ఏండ్లు గడచెను. వియత్నాము యుద్ధమును గూర్చి ఆ దేశమున తండ్రులకును కొడుకులకును మాటలు చెడిన కాలమది. 1971 ఆగస్టున నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్ అను కాలిఫోర్నియా యువకుల మేళము నాష్‌విల్ నగరమునకు వచ్చి, తమతో పాడుడని పెద్దలను వేడెను. బిల్ మన్రో ఒప్పుకొనలేదు. రాయ్ ఏకఫ్ ఆ పొడుగు జుట్టులను జూచి మొదట శంకించి, వారి వాయిద్యమును విన్న పిదప తానును పాడెను. 62 ఏండ్ల మేబెల్ వచ్చి పేరుపాటను తానే యెత్తుకొనెను.

ఆ రికార్డులను విన్నప్పుడు నాకు ముందుగా తోచునది అందలి నిరాడంబరత. అందరును కలిసి యొక్కసారిగా వాయించిరి. పిదప అతుకులు వేయలేదు. బాంజో గలగలలు, ఫిడేలు సాగుదల, గిటారు మ్రోత దేని కది తేటగా వినబడును. పాటల నడుమ మాటలను సైతము తీసివేయలేదు. అంధగాయకుడైన డాక్ వాట్సన్ తన కుమారునికి మెర్ల్ ట్రావిస్ అను గిటారు విద్వాంసుని పేరు పెట్టుకొనెను. ఆ యిరువురును తొలిసారి కలిసికొని పలుకరించుకొనుట అందు నిలిచియున్నది. దానిని నేను మరల మరల విందును.

మేబెల్ 1978లో కన్నుమూసెను. పిల్లలు తమంతట వచ్చి యడిగిరి; పెద్దలు జుట్టును మరచి చేతి పనిని జూచిరి. మన యింటి పాటను గూర్చియు ఒకనాడు మన పిల్లలు అడుగవచ్చును. అప్పుడు కాదనకుడని నా మనవి.