తొలి కార్వెట్ నిర్మాణం: ఫైబర్‌గ్లాస్ ఎంపిక – కారణాలు, ఫలితాలు

1. ఉపోద్ఘాతం

1953 జనవరిలో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌లో జనరల్ మోటార్స్ సంస్థ నిర్వహించిన మోటోరమా ప్రదర్శనలో షెవ్రొలే కార్వెట్ తొలిసారిగా ప్రజల ముందుకు వచ్చింది. ఈ కారు ఘనతను సాధారణంగా రూపశిల్పి హార్లీ ఎర్ల్ ప్రతిభకే ఆపాదిస్తారు. అయితే దాని పుట్టుకలోనూ, తొలినాటి ఒడుదొడుకుల్లోనూ ఫైబర్‌గ్లాస్ పాత్ర తక్కువేమీ కాదు. ఆ పాత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఎంపికకు కారణాలు

ఉక్కు రేకును కారు బాడీగా మలచడానికి భారీ అచ్చులు కావాలి. వేల సంఖ్యలో కార్లు అమ్ముడైతేనే వాటిపై పెట్టిన పెట్టుబడి గిట్టుబాటవుతుంది. స్పోర్ట్స్ కార్లకు అమెరికాలో గిరాకీ ఎంతో తేలని కాలమది. గాజునారను రెసిన్‌తో తడిపి గట్టిపరిచే ఫైబర్‌గ్లాస్‌కు అంత ఖరీదైన అచ్చులు అక్కరలేదు. కాలిఫోర్నియాలో పడవలు తయారుచేసిన బిల్ ట్రిట్, గ్లాస్‌పార్ జి2 కారుతో ఈ మార్గాన్ని అప్పటికే చూపారు. ప్రదర్శన కోసం ఫైబర్‌గ్లాస్‌తో చేసిన కార్వెట్‌కు, ఉత్పత్తిలోనూ అదే పదార్థం ఖాయమైంది.

3. ఉత్పత్తిలో ఎదురైన సమస్యలు

1953 జూన్ 30న మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో ఉత్పత్తి ప్రారంభమైంది. ఆ ఏడాది తయారైన 300 కార్లూ తెల్లనివే. లోపలి భాగం ఎరుపు. ఒహాయో రాష్ట్రంలోని ఆష్టబ్యులా నుంచి వచ్చిన విడిభాగాలను అతికించి, అతుకులను చేత్తో సానపట్టి నునుపు చేయవలసి వచ్చేది. ఫైబర్‌గ్లాస్ విద్యుద్వాహకం కానందున ఎర్తింగ్‌కు వేరే తీగలు అమర్చారు. అదే గుణం వల్ల రేడియో ఏంటెనాను డిక్కీ మూతలోనే ఇమడ్చగలగడం గమనార్హం.

3,498 డాలర్ల ధరకు 150 అశ్వశక్తి గల ఆరు సిలిండర్ల ఇంజన్, రెండు గేర్ల ఆటోమేటిక్ వ్యవస్థ స్పోర్ట్స్ కారు ప్రియులను మెప్పించలేదు. ఉత్పత్తి సెయింట్ లూయిస్‌కు మారాక 1954లో 3,640 కార్లు తయారైనా, వాటిలో గణనీయమైన సంఖ్యలో కార్లు ఏడాది చివరికి అమ్ముడుపోకుండా మిగిలాయి. 1955లో ఆ సంఖ్య 700కు పడిపోయింది. అదే ఏడాది వచ్చిన వి8 ఇంజన్ కార్వెట్‌కు కొత్త ఊపిరి పోసింది.

4. ముగింపు

అచ్చులపై మిగిలిన వ్యయం కొంతమేర చేతిపనిలో తిరిగి ఖర్చయిందని పై పరిశీలన వల్ల అవగతమవుతుంది. అయినా, గిరాకీ తెలియని కారును తక్కువ సంఖ్యలో తయారుచేసి చూసే వీలును ఫైబర్‌గ్లాస్ కల్పించింది. కాబట్టి కార్వెట్ చరిత్రలో రూపశిల్పితో పాటు, అతుకులు సానపట్టిన కార్మికులకూ స్థానం కల్పించడం సమంజసం.