హిజ్లీ కాల్పులు – ఆయుధ హక్కు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపును నిలబెట్టిన చేతుల్లో విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వలస వచ్చిన మనవాళ్ల చేతులూ ఉన్నాయి. వాళ్ల తాతల కాలంలో ఈ ఊళ్లో తుపాకీకి కూడా వర్ణం ఉండేది. 1878 ఆయుధాల చట్టం కింద భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి. యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ మినహాయింపు. బెంగాల్ నాగపూర్ రైల్వే దొరలకైతే సొంత వాలంటీరు దళమే ఉండేది. ఆ మినహాయింపు మొదటి ప్రపంచ యుద్ధం తరువాత గానీ తొలగలేదు.

ఊరి పక్కనే హిజ్లీ. చిట్టగాంగ్ ఆయుధాగార దాడి తరువాత, 1930లో, విచారణ లేకుండా నిర్బంధించిన యువకుల కోసం అక్కడ శిబిరం తెరిచారు. 1931 సెప్టెంబరు 16 రాత్రి కాపలా సిపాయిలు వాళ్లున్న భవనం మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఇద్దరూ నిరాయుధులు. మృతదేహాల కోసం సుభాష్ చంద్ర బోస్ వచ్చారు, కలకత్తా సభలో రవీంద్రనాథ్ ఠాగూర్ నిరసించారు. ఇరవై తొమ్మిది తూటాలు పేల్చిన ఆ కాల్పులకు సమర్థన లేదని సర్కారు వేసిన విచారణ సంఘమే తేల్చింది. ఆ భవనం ఇప్పుడు ఐఐటీ ఆవరణలో ఉంది.

నిరాయుధులు కనుకనే చచ్చిపోయారని కొందరు మిత్రులు వాదిస్తారు. మేము ఒప్పుకోం. వాళ్లకు లేకుండా చేసింది తుపాకీని కాదు, న్యాయస్థానాన్ని.

అదే ఏడాది కరాచీ కాంగ్రెస్ తీర్మానం, నిబంధనలకు లోబడి, ఆయుధం ధరించే హక్కును పౌరుడి హక్కుల్లో చేర్చింది. వలస పాలనలో ఆ కోరిక సహజమే. 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ దాన్ని రాజ్యాంగంలోకి తేబోయారు. బాబాసాహెబ్ వ్యతిరేకించారు, సవరణ వీగిపోయింది. షరతు లేని ప్రాథమిక హక్కుగా ఆయుధాన్ని అందరికీ ఇవ్వలేమన్నది ఆయన వాదన. మనకు దక్కింది 19(1)(బి): శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు. బూర్జువా జాగ్రత్త అని దీన్ని ఎగతాళి చేసేవాళ్లు ఊళ్లో తుపాకులు ముందుగా ఎవరి ఇంటికి చేరతాయో ఆలోచించరు.

రోహిణీ నది నీళ్ల దగ్గర శాక్యులకూ కోలియులకూ ఆయుధాల కొరత లేదు. కొరత నీళ్లకు, ఆపైన ఒకరిపై ఒకరికి నమ్మకానికి. యుద్ధం వద్దన్న సిద్ధార్థుడే ఇల్లు విడవాల్సి వచ్చిందని బాబాసాహెబ్ రాశారు.

అయినా వాడ మీద దాడి జరిగిన ప్రతిసారీ యువకులు లైసెన్సుల కోసం అర్జీ రాయమంటారు. వాళ్ల భయం నిజమైనదే, చట్టంలో చోటూ ఉంది. అత్యాచారాల నిరోధక నియమాలు, 1995, మూడో నియమం ప్రకారం అవసరమనుకుంటే ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వవచ్చు. కానీ దానికంటే ముందే అదే నియమంలో మరో రెండు అంశాలున్నాయి: దాడులకు అవకాశమున్న ప్రాంతాల్లో ఇతరుల లైసెన్సులు రద్దు చేసి తుపాకులను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించడం, అక్రమ తుపాకులు పట్టుకోవడం. మా దగ్గరకు వచ్చే అర్జీల్లో ఆ రెండూ కనబడవు. ఇప్పుడు వాటినే ముందు రాయిస్తున్నాం.