అయిదు వేల మంది తేడా

1950లో అమెరికా జనాభా లెక్కలు తీసినప్పుడు జార్జియా రాజధాని అట్లాంటాలో 3,31,314 మంది ఉన్నట్టు తేలింది. అక్కడి నుంచి పడమరగా సుమారు 235 కిలోమీటర్లు వెళితే అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్ వస్తుంది. అక్కడ 3,26,037 మంది. రెండు ఊళ్లకూ తేడా 5,277. మన దగ్గర ఒక మోస్తరు పల్లెలో ఉండేంత జనం. శివార్లు కలుపుకుంటే అట్లాంటా అప్పటికే కాస్త పెద్దదే. అయినా అమెరికా దక్షిణాదికి రేపటి పెద్ద నగరం ఏదవుతుందని ఆ రోజున ఎవరైనా అడిగితే, బర్మింగ్‌హామ్ పేరు చెప్పడానికి గట్టి కారణాలే ఉండేవి. బొగ్గు, ఇనుము, ఉక్కు అన్నీ దాని కాళ్ల కిందే ఉన్నాయి మరి.

2020 లెక్కల్లో అట్లాంటాలో 4,98,715 మంది, బర్మింగ్‌హామ్‌లో 2,00,733 మంది. శివార్లన్నీ కలిపి చూస్తే అటు 60 లక్షలు, ఇటు 11 లక్షలు. అట్లాంటాను తెలుగు పాఠకులకు కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు. ఎవరి కూతురో, ఎవరి మేనల్లుడో అక్కడే ఉంటారు. బర్మింగ్‌హామ్ అంటే మాత్రం మనకు ఇంగ్లండ్‌లోని ఊరే గుర్తుకొస్తుంది.

డెబ్భై ఏళ్లలో ఇంత ఎడం ఎలా వచ్చింది? భూగోళ పాఠం ఇచ్చే జవాబు నాకెప్పుడూ సగమే అనిపించింది. ఊరి సంపద ఎవరి చేతిలో ఉంది, ఊళ్లో ఎవరిని మనుషులుగా లెక్కపెట్టారు అన్నవి కూడా అడిగితే తప్ప మిగతా సగం దొరకదు.

అట్లాంటా ఒక కొయ్యగుంజ దగ్గర పుట్టింది. 1837లో ఒక కొత్త రైలుమార్గం ఎక్కడ ముగియాలో నిర్ణయించి సర్వేయర్లు అక్కడ గుంజ పాతారు. పెద్ద నది లేదు, రేవు లేదు. ఊరి తొలి పేరు టెర్మినస్, అంటే రైలు ఆఖరి మజిలీ. 1843లో మార్తాస్‌విల్ అయింది, 1845లో అట్లాంటా అయింది. రైళ్లు కలిసే చోటు కాబట్టి సరుకు చేరింది, సరుకు వెంట వ్యాపారులు చేరారు. అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యానికి సామగ్రి వెళ్లేది ఇక్కడి నుంచే. అందుకే ఉత్తరాది జనరల్ షెర్మన్ 1864 నవంబరులో ఊరు విడిచి వెళుతూ దానికి నిప్పుపెట్టించాడు. ఇప్పటికీ నగర ముద్ర మీద మంటల్లోంచి లేచే ఫీనిక్స్ పక్షి ఉంటుంది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1868లో, కాలిన ఆ ఊరు రాష్ట్ర రాజధాని అయింది.

బర్మింగ్‌హామ్‌కు కాలడానికి ఏమీ లేదు, ఎందుకంటే అది యుద్ధం ముగిశాక పుట్టింది. 1871లో ఎలిటన్ ల్యాండ్ కంపెనీ అనే భూముల కంపెనీ రెండు రైలుమార్గాలు కలవబోయే చోట పొలాలు కొని, కాగితం మీద వీధులు గీసి, ప్లాట్లు అమ్మింది. పేరు ఇంగ్లండ్ ఇనుప నగరానిది. ఆ పేరు వెనుక లెక్క ఉంది. పక్కనే ఉన్న రెడ్ మౌంటెన్‌లో ఇనుప ఖనిజం, కాస్త దూరంలో బొగ్గు, లోయలో సున్నపురాయి. ఇనుము తీయడానికి కావలసిన మూడూ ఇంత దగ్గర దగ్గరగా దొరకడం అపురూపం. 1873లో కలరా, ఆర్థిక సంక్షోభం కలిసి ఊరిని దాదాపు తుడిచిపెట్టాయి. 1880 నాటికి ఉన్నది 3,086 మంది. పదేళ్లకు 26,178. 1910లో చుట్టుపక్కల పట్టణాలను కలుపుకుని 1,32,685కు చేరింది. ఆ వేగం చూసి ‘మ్యాజిక్ సిటీ’ అన్నారు. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు ఈ ఊరు పంపినది 56 అడుగుల పోత ఇనుప విగ్రహం. రోమన్ల అగ్నిదేవుడు వల్కన్ సుత్తి పక్కన పెట్టుకుని నిలబడి ఉంటాడు. ఇప్పుడు రెడ్ మౌంటెన్ మీద నుంచి ఊరిని చూస్తున్నాడు.

ఆ గనుల్లో దిగింది ఎవరో కూడా చెప్పాలి. చిన్నాచితకా నేరాల మీద, ఒక్కోసారి ఏ నేరమూ లేకుండానే, నల్లజాతి మగవాళ్లను పట్టుకుని శిక్ష వేసేవారు. ఆపైన ప్రభుత్వమే వాళ్లను గనుల కంపెనీలకు కిరాయికి ఇచ్చేది. 1911 ఏప్రిల్‌లో బ్యానర్ గనిలో పేలుడు జరిగి 128 మంది చనిపోయారు. ఎక్కువమంది ఇలా కిరాయికి వచ్చిన నల్లజాతి ఖైదీలే. ఈ పద్ధతిని అలబామా 1928 దాకా మానలేదు. అమెరికాలో అందరికంటే ఆఖరున మానింది అదే. బానిసత్వం రద్దయి అప్పటికి 63 ఏళ్లు.

అంత ఇనుము ఉన్నా బర్మింగ్‌హామ్‌కు తన ధర తాను నిర్ణయించుకునే హక్కు మిగల్లేదు. 1907 సంక్షోభంలో అక్కడి అతి పెద్ద ఉక్కు సంస్థ టెనెసీ కోల్, ఐరన్ అండ్ రైల్‌రోడ్ కంపెనీని యు.ఎస్. స్టీల్ కొనేసింది. గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద అడ్డు చెప్పగలిగిన అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ అడ్డు చెప్పలేదు. రెండేళ్లకు కొత్త లెక్క వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో చౌకగా తయారైన ఉక్కును కూడా పిట్స్‌బర్గ్ ధరకు టన్నుకు 3 డాలర్లు అదనంగా వేసి అమ్మాలి. ఖనిజం పక్కనే ఉండటం వల్ల ఊరికి రావలసిన లాభమే దూరంలో ఉన్న పిట్స్‌బర్గ్‌కు ఇబ్బందిగా తోచింది. లాభనష్టాలు చూసుకునే యజమానులు వేరే ఊళ్లో ఉంటే, ఈ ఊరి బాగోగులు వాళ్లకు ఖాతా పుస్తకంలో ఒక వరుస మాత్రమే.

అట్లాంటా డబ్బున్నవాళ్లు అట్లాంటాలోనే కాపురముండేవారు. 1886లో జాన్ పెంబర్టన్ అనే ఫార్మసిస్టు తయారుచేసిన పానీయం కోకాకోలా. 1923లో ఆ కంపెనీ పగ్గాలు చేపట్టిన రాబర్ట్ వుడ్‌రఫ్ ఊళ్లో ప్రతి పెద్ద నిర్ణయం వెనుకా దశాబ్దాల పాటు ఉన్నాడు. ఊరి పరువు పోతే ప్రపంచమంతా అమ్ముడుపోయే తన సీసాకు నష్టమని ఆయనకు తెలుసు.

తెల్లవాళ్ల సంపద ఒక్కటే కాదు. బానిసగా పుట్టిన అలొంజో హెర్న్‌డన్ క్షౌరశాలలతో డబ్బు సంపాదించి 1905లో ఒక బీమా సంస్థ పెట్టాడు. అదే అట్లాంటా లైఫ్‌గా పెరిగింది. ఆబర్న్ అవెన్యూ పొడవునా నల్లజాతి వ్యాపారులు, చర్చిలు, పత్రికలు. పడమటి వైపు మోర్‌హౌస్, స్పెల్మన్ కళాశాలలు. ఆబర్న్ అవెన్యూలోనే 1929లో మార్టిన్ లూథర్ కింగ్ పుట్టాడు. 1946లో తెల్లవాళ్లకే పరిమితమైన ప్రైమరీ ఎన్నికల పద్ధతి జార్జియాలో కూలగానే, ఈ వీధుల వాళ్లు దాదాపు యాభై రోజుల్లో 18 వేల మంది నల్లజాతి ఓటర్లను నమోదు చేయించారు. రెండేళ్లకు నగరం ఎనిమిది మంది నల్లజాతి పోలీసులను నియమించింది. తెల్లవాళ్లను అరెస్టు చేసే అధికారం వాళ్లకు లేదు. యూనిఫాం వేసుకోవడానికి కూడా పోలీసు కార్యాలయంలోకి రానిచ్చేవారు కాదు. అవమానంతో కలిపి ఇచ్చిన ఉద్యోగమే, అయినా అది ఓటుకు పడిన ధర. బర్మింగ్‌హామ్‌లో తొలి నల్లజాతి పోలీసు 1966లో గాని రాలేదు.

అట్లాంటాలో ఈ ఓట్లను తొందరగా లెక్కవేసుకున్నవాడు విలియం హార్ట్స్‌ఫీల్డ్. 1937 నుంచి 1961 దాకా, మధ్యలో కొద్ది కాలం తప్ప, ఆయనే మేయర్. విమానాలంటే పిచ్చి. 1925లో కౌన్సిల్ సభ్యుడిగా ఉన్నప్పుడే, మూలపడిన ఒక రేసుల మైదానాన్ని విమానాశ్రయం కోసం నగరం చేత లీజుకు తీయించాడు. 287 ఎకరాలు. న్యూయార్క్ నుంచి తపాలా విమానం 1928 మే 1న అక్కడ దిగడం మొదలైంది. 1941లో డెల్టా సంస్థ తన కార్యాలయాన్ని లూసియానా నుంచి అట్లాంటాకు మార్చుకుంది. పాత రైలు జంక్షన్ ఆకాశంలో మళ్లీ జంక్షన్ అయింది. 2019లో ఆ విమానాశ్రయం గుండా వెళ్లినవారు 11 కోట్ల పైచిలుకు.

హార్ట్స్‌ఫీల్డ్ చేసిన రెండో పని జనాభా పట్టికలో కనిపిస్తుంది, కానీ పట్టిక కారణం చెప్పదు. 1952లో అట్లాంటా తన హద్దులను 37 చదరపు మైళ్ల నుంచి 118కి పెంచుకుంది. రాత్రికి రాత్రే లక్ష మంది నగరవాసులయ్యారు. 1960 లెక్కల్లో 4,87,455 కనిపిస్తుందంటే అందులో పెద్ద భాగం పటం మీద గీసిన ఈ గీతదే. గీసిన ఉద్దేశం స్వచ్ఛమైనదేమీ కాదు. తెల్లవాళ్లు శివార్లకు పోతున్నారు, నగరంలో వాళ్ల మెజారిటీ పోకూడదనే లెక్క అందులో ఉంది. అయినా శివార్ల పన్నులు నగరానికి చేరాయి.

బర్మింగ్‌హామ్ అదే పని చేయలేకపోయింది. 1910లో పొరుగు పట్టణాలను కలుపుకున్న ఊరే, ఇప్పుడు పొగ సోకని కొండ అవతల లేచిన తెల్లవాళ్ల శివార్లను కలుపుకోలేకపోయింది. హోమ్‌వుడ్, మౌంటెన్ బ్రూక్, వెస్టావియా హిల్స్ వేరే మునిసిపాలిటీలుగానే ఉండిపోయాయి. ‘కొండ అవతల’ అనే మాట అక్కడ ఇప్పటికీ చిరునామా కూడా, హోదా కూడా. ఫ్యాక్టరీని నడిపేవాళ్లు సాయంత్రం కొండ దాటి ఇంటికి పోతే, లోయలో ఏం జరిగినా అది వాళ్ల ఊరు కాదు.

లోయలో బాంబులు పేలాయి. తెల్లవాళ్ల వీధుల అంచున ఇల్లు కొన్న నల్లజాతి కుటుంబాల మీద ఎన్ని దాడులు జరిగాయంటే ఒక పేటకు ‘డైనమైట్ హిల్’ అన్న పేరు నిలిచిపోయింది. పాస్టర్ ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ ఇంటిని 1956 క్రిస్మస్ రాత్రి పేల్చేశారు. ఆయన ప్రాణాలతో బయటపడి, మర్నాడే మనుషుల్ని వెంటబెట్టుకుని బస్సుల్లో ముందు సీట్లలో కూర్చున్నాడు. పార్కులను అందరికీ తెరవమని కోర్టు చెబితే, 1962లో నగరం పార్కులనే మూసేసింది.

పోలీసు విభాగం నగర కమిషనర్ బుల్ కానర్ చేతిలో ఉండేది. ఈ పాలన వ్యాపారాన్ని మింగేస్తోందని కొందరు వ్యాపారులు, న్యాయవాదులు గ్రహించి, 1962 నవంబరులో నగర పాలనా పద్ధతినే ఓటుతో మార్పించారు. 1963 ఏప్రిల్ 2న మేయర్ పదవికి పోటీచేసి కానర్ ఓడిపోయాడు కూడా. కానీ పాత పదవి వదలనన్నాడు. కోర్టు తేల్చేదాకా ఊళ్లో రెండు ప్రభుత్వాలు. సరిగ్గా ఆ వారాల్లోనే కింగ్ అట్లాంటా నుంచి వచ్చి, వివక్షపై నిరసన నడిపి జైలుకు వెళ్లాడు. మే 2న బడి పిల్లలు వెయ్యి మందికి పైగా వీధుల్లోకి వచ్చారు. మర్నాడు ఆ పిల్లల మీదికి పోలీసు కుక్కలను ఉసిగొల్పారు, ఫైరింజన్ గొట్టాలు తిప్పారు. ఆ ఫొటోలు ప్రపంచమంతా వెళ్లాయి. సెప్టెంబరు 15, ఆదివారం ఉదయం, 16వ వీధి బాప్టిస్టు చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లలను చంపారు. యాడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, కరోల్ రాబర్ట్‌సన్ పద్నాలుగేళ్లవాళ్లు. డెనీస్ మెక్‌నెయిర్‌కు పదకొండు. దోషుల్లో ఆఖరివాడికి శిక్ష పడేసరికి 2002 వచ్చింది.

అట్లాంటా 1961 ఆగస్టులో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులను గొడవ లేకుండా తెల్లవాళ్ల బడుల్లో చేర్చుకుంది. ద్వేషించడానికి తీరిక లేని ఊరు మాది అని హార్ట్స్‌ఫీల్డ్ ప్రచారం చేసుకున్నాడు. ఆ మాటను మరీ నమ్మకూడదు. ఆ తర్వాతి మేయర్ ఐవన్ అలెన్ 1962లో నల్లజాతివాళ్లు ఒక పేటలోకి రాకుండా రోడ్డుకు అడ్డంగా గోడలు కట్టించాడు. కొద్ది వారాలకే కోర్టు కూల్పించింది. అదే మనిషి మరుసటి ఏడు హోటళ్లలో, సినిమా హాళ్లలో అందరికీ సమాన ప్రవేశం ఇవ్వాలని సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. కింగ్‌కు నోబెల్ వచ్చినప్పుడు ఊరి పెద్దలు సన్మాన విందుకు మొహం చాటేయబోయారు. కోకాకోలా వైపు నుంచి గట్టి మాట వెళ్లింది. 1965 జనవరి 27న విందుకు పదిహేను వందల మంది వచ్చారు. మంచితనం కన్నా పరువు భయమే పనిచేసి ఉండవచ్చు. అయితే ఆ భయం పుట్టాలన్నా, డబ్బున్నవాడు ఆ ఊళ్లోనే కాపురముండాలి.

ఇక మన మాట. ఆ తర్వాత అట్లాంటా విస్తరణంతా నగర హద్దుల బయటే జరిగింది. 1971లో మెట్రో రైలు పథకానికి ఫుల్టన్, డికాల్బ్ కౌంటీలు ఒప్పుకున్నాయి, గ్విన్నెట్, క్లేటన్ వద్దన్నాయి. ఆ ఓటింగులో జాతి భయం పాలు చాలా ఉంది. ఈ రోజు మనవాళ్లు గంటల తరబడి ట్రాఫిక్‌లో కూర్చోవడానికి బీజం ఆ ఓటులోనూ ఉంది. ఉత్తరాన ఫార్‌సైత్ కౌంటీలో కమ్మింగ్ చుట్టూ ఇప్పుడు తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. బతుకమ్మలు ఆడతారు, సంక్రాంతి ముగ్గులు వేస్తారు. ఆ నేల మీద నుంచి 1912లో సుమారు 1,100 మంది నల్లజాతివాళ్లను, అంటే దాదాపు అందరినీ, బెదిరించి తరిమేశారు. 1987 జనవరిలో అక్కడ సమానత్వం కోరుతూ దాదాపు ఇరవై వేల మంది ఊరేగింపు చేసేదాకా ఆ కౌంటీ ఇంచుమించు పూర్తిగా తెల్లవాళ్లదే. చర్మం రంగు తెలుపు కాని మనం ఈ రోజు అక్కడ ఇల్లు కొనుక్కుని ఉండగలుగుతున్నామంటే, దారి వేసినవాళ్లలో ఆ ఊరేగింపులో నడిచినవాళ్లు, బర్మింగ్‌హామ్‌లో గొట్టపు నీళ్లకు ఎదురు నిలిచిన పిల్లలు కూడా ఉన్నారు. ఈ సంగతి మన పిల్లలకు ఇంట్లో చెప్పాలి.

బర్మింగ్‌హామ్ కుంగింది గాని కూలిపోలేదు. 1979లో తొలి నల్లజాతి మేయర్‌గా రిచర్డ్ ఆరింగ్టన్‌ను ఎన్నుకుంది. ఉక్కు తగ్గిన చోట అలబామా విశ్వవిద్యాలయపు వైద్య కేంద్రం పెరిగి రాష్ట్రంలోనే అతి పెద్ద ఉద్యోగ వనరు అయింది. 1880ల నాటి స్లాస్ కొలుములు 1970ల మొదట్లో చల్లారి, ఇప్పుడు మ్యూజియంగా నిలిచి ఉన్నాయి.

అట్లాంటాలో మీవాళ్లుంటే ఒక శనివారం కారు తీయమనండి. దారి రెండు గంటలే. మధ్యలో కాలమండలం మారుతుంది కాబట్టి ఎనిమిదింటికి బయల్దేరితే అక్కడి గడియారంలో తొమ్మిదవుతుంది. కెల్లీ ఇంగ్రమ్ పార్కులో నడక దారికి రెండు వైపులా గోడల్లోంచి దూకుతున్న కుక్కల శిల్పాలుంటాయి. కోరలు దారి మీదికే వస్తాయి. వాటి మధ్య నుంచే నడవాలి. రోడ్డుకు అవతల 16వ వీధి చర్చి. ఆదివారం ప్రార్థనలు ఇప్పటికీ జరుగుతున్నాయి.