చెట్‌పట్‌లో తేలిన క్షయ మందు లెక్క

కొత్త మందు రసాయనశాలలో పుట్టి, జంతువులమీద, ఆపైన కొద్దిమంది రోగులమీద జరిగే పరీక్షలు దాటి, దుకాణానికి చేరడంతో దాని కథ ముగుస్తుందని అనుకోవడం పరిపాటి. అయితే ఆ మందును ఎంత మోతాదులో, ఎన్ని నెలలు, రోగిని ఎక్కడ ఉంచి, ఎవరి ఎదుట మింగించాలో తేలేంతవరకు అది సగం మందే. క్షయ విషయంలో ఆ మిగతా సగాన్ని చాలావరకు తేల్చిన చోటు మద్రాసు నగరంలోని చెట్‌పట్. పాతవారు ఇప్పటికీ స్పర్‌ట్యాంక్ రోడ్డు అనే దారిలో ఉన్న ఈ సంస్థ 1956లో టీబీ కీమోథెరపీ కేంద్రంగా మొదలై, 1978లో క్షయ పరిశోధన కేంద్రంగా, 2011లో జాతీయ క్షయ పరిశోధన సంస్థగా పేరు మార్చుకుంది.

అంతకుముందు క్షయకు వైద్యమంటే శానటోరియమే, అంటే ఊరికి దూరంగా, మంచి గాలి, బలమైన తిండి, నెలల తరబడి మంచం విశ్రాంతి ఇచ్చే ఆసుపత్రి. డాక్టర్ డేవిడ్ చౌరీ ముత్తు 1928లో తాంబరం దగ్గర స్థాపించిన శానటోరియం పేరు అక్కడి లోకల్ రైలు స్టేషనుకు నేటికీ మిగిలి ఉంది. తెలుగునాట ఆ స్థానం మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానిది. అక్కడ పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ తరువాతి కాలంలో కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు కావడం, మద్రాసు ప్రయోగం రూపు దిద్దుకోవడంలో ఆయన పాత్ర ఉండడం గమనించదగినవి. దేశంలో రోగులు లక్షల్లో, పడకలు వేలల్లో ఉన్న కాలమది. అందరికీ పడక అన్న ఆలోచన కాగితంమీద కూడా నిలిచేది కాదు.

అప్పటికి మందులు వచ్చాయి. మట్టిలోని సూక్ష్మజీవినుంచి 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేశారు. స్వీడన్‌లో యోర్గెన్ లేమాన్ ఆలోచననుంచి పాస్, అనగా పారా అమినో సాలిసిలిక్ ఆమ్లం, తయారైంది. ఐసోనియాజిడ్ కథ మరీ విచిత్రం. ప్రాగ్‌లో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని 1912లోనే తయారుచేసినా, అది క్షయ క్రిమిని చంపుతుందని 1950ల ఆరంభం వరకు ఎవరికీ తెలియలేదు. నలభయ్యేళ్ల పాటు మందు సీసాలో ఉంది, రోగులు పోతూ ఉన్నారు. ఒక్కో మందునే వాడితే కొన్నాళ్లకు దానికి లొంగని క్రిములు మిగిలి వృద్ధి చెందుతాయని స్ట్రెప్టోమైసిన్ అనుభవంతో తెలిసివచ్చింది కాబట్టి, రెండేసి మందులు కలిపి ఇవ్వడం నియమమైంది.

ఈ మందులు శానటోరియంలోనే పనిచేస్తాయా, లేక పేదవాడి ఇరుకింట్లో కూడా పనిచేస్తాయా అన్నదే చెట్‌పట్ కేంద్రం ఎదుట నిలిచిన ప్రశ్న. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి నడిపిన ఈ పనికి డాక్టర్ వాలెస్ ఫాక్స్ నాయకత్వం వహించాడు. 193 మంది రోగులను యాదృచ్ఛిక కేటాయింపు పద్ధతిలో, అంటే వైద్యుడి ఇష్టానికిగానీ రోగి ఇష్టానికిగానీ తావులేకుండా చీటీ తీసినట్లు, రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గాన్ని ఇంటిదగ్గరే ఉంచి, మరొక వర్గాన్ని శానటోరియంలో చేర్చి, రెండు వర్గాలకూ ఏడాదిపాటు ఐసోనియాజిడ్, పాస్ ఇచ్చారు. శానటోరియం వర్గానికి దొరికిన తిండీ విశ్రాంతీ ఇంటి వర్గానికి దొరకలేదు. ఏడాది చివర బరువు కూడా శానటోరియం వర్గమే ఎక్కువ పెరిగింది. అయినా 1959లో వెలువడిన ఫలితాల ప్రకారం కఫంలో క్రిములు కనబడకుండా వ్యాధి అణగినవారు ఇంటిదగ్గర 86 శాతం, శానటోరియంలో 92 శాతం. తరువాతి ఏళ్ల పరిశీలనలో, రోగిని ఇంట్లో ఉంచినందువల్ల కుటుంబంలోని వారికి క్షయ సోకే ప్రమాదం పెరగలేదని కూడా తేలింది. శతాబ్దం నాటి శానటోరియం నమ్మకాన్ని కదిలించిన లెక్క ఇదే.

అయితే ఇంటి వైద్యంలో లొసుగు ఒకటుంది: మందు తీసుకువెళ్లిన రోగి దాన్ని మింగుతున్నాడా లేదా? పాస్ రోజుకు కొన్ని గ్రాములు మింగవలసినది, కడుపులో వికారం పుట్టించేది. నాలుగు వారాలకు దగ్గు తగ్గి ఒంట్లో సత్తువ కనిపించగానే ఆపేయాలనిపించడం సహజం. కేంద్రం సిబ్బంది చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మిగిలిన మందు లెక్కచూసి, మూత్రం సేకరించి అందులో మందు జాడ ఉందో లేదో పరీక్షించేవారు.

మానకూడదని అంతగా పట్టుబట్టడానికి కారణం ఐసోనియాజిడ్ పనిచేసే తీరులోనే ఉంది. అది నిజానికి నిద్రాణమైన పదార్థం. క్షయ క్రిమిలోకి ప్రవేశించాక ఆ క్రిమి సొంత ఎంజైమే, అంటే రసాయన చర్యలను నడిపే ప్రోటీనే, దాన్ని చురుకైన రూపానికి మారుస్తుంది. అలా మారిన మందు మైకోలిక్ ఆమ్లాల తయారీని అడ్డగిస్తుంది. మైకోలిక్ ఆమ్లాలంటే క్రిమి గోడకు మైనపు పూతలాంటి రక్షణ ఇచ్చే కొవ్వు పదార్థాలు; అవి లేక కొత్త గోడ నిలవదు, చీలిపోతున్న క్రిమి చనిపోతుంది. కానీ పెరుగుదల ఆపి మందకొడిగా పడి ఉన్న క్రిములకు కొత్త గోడ అవసరం తక్కువ కాబట్టి అవి తప్పించుకుంటాయి. వాటికోసమే నెలల తరబడి వైద్యం. ఆ ఎంజైమును పోగొట్టుకున్న క్రిమికి ఈ మందు ఏ హానీ చేయలేదు.

శరీరమూ ఊరికే ఉండదు. కాలేయంలోని మరొక ఎంజైము ఐసోనియాజిడ్‌ను నిర్వీర్యం చేస్తుంది. ఈ పని కొందరిలో వేగంగా, కొందరిలో నెమ్మదిగా జరగడం పుట్టుకతో వచ్చే లక్షణం. వారానికి ఒకసారే మందు ఇచ్చే పద్ధతి వేగంగా నిర్వీర్యం చేసేవారికి చాలదని చెట్‌పట్ పరిశోధనలు చూపాయి. నెమ్మదివారిలో నరాల తిమ్మిరి రాకుండా చిన్న మోతాదు బి6 విటమిను చాలన్నది కూడా ఇక్కడ శ్రమించి తేల్చినదే.

ఇంకో మెట్టు 1964లో ప్రకటించిన ఫలితం: వారానికి రెండుసార్లు కేంద్రానికి రప్పించి, ఎదుటే స్ట్రెప్టోమైసిన్ సూది, పెద్ద మోతాదు ఐసోనియాజిడ్ ఇస్తే, రోజూ ఇంట్లో మింగే ఐసోనియాజిడ్, పాస్ కంటే ఏమాత్రం తీసిపోలేదు. 1990లలో డాట్స్ పేరుతో ప్రపంచమంతటా వ్యాపించిన, కళ్లెదుట మందు మింగించే పద్ధతికి మూలం ఇక్కడ ఉంది. భారత ప్రభుత్వం దాన్ని వారానికి మూడుసార్లుగా అమలుచేసి, 2017నుంచి మళ్లీ రోజువారీ మోతాదుకు మారింది.

ఈ సంస్థ చరిత్రలో నిరాశ కలిగించిన ఫలితమూ ఉంది. 1968 నుంచి చెంగల్‌పట్టు ప్రాంతంలో రెండున్నర లక్షలకు పైగా జనంతో జరిగిన బీసీజీ టీకా ప్రయోగంలో, పెద్దలకు వచ్చే ఊపిరితిత్తుల క్షయనుంచి ఆ టీకా రక్షణ ఇవ్వలేదని తేలింది. దాన్ని దాచకుండా ప్రకటించడం మందు కనిపెట్టడానికి తక్కువ కాదు.

భీమవరంలో పుట్టి ఇదే నగరంలోని వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు, బోదకాలుకు ఔషధం తెచ్చే పరిశోధనను నడిపించడానికి అమెరికా వెళ్లవలసి వచ్చింది. అలాంటి పరిశోధనకు ఇక్కడే చోటిచ్చిన చెట్‌పట్ కేంద్రం ఆయన మరణించిన ఎనిమిదేళ్లకు తెరుచుకుంది. నగర చరిత్రకారులు కోటనూ, కచేరీలనూ, స్టూడియోలనూ వర్ణించినంత శ్రద్ధగా ఈ కేంద్రాన్నీ రాయాలి; ముఖ్యంగా వీధివీధీ తిరిగి మందు లెక్కచూసిన ఆ తొలితరం సిబ్బంది జ్ఞాపకాలు ఏ కుటుంబాల్లోనైనా మిగిలి ఉంటే సేకరించే పనిని ఇక ఆలస్యం చేయరాదు.